పథ్యం నడుస్తుండగా కీళ్లు తిరగబెడితే: ఒక రుమటాయిడ్ ఆర్థరైటిస్ కేసు

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే కీళ్లవాతం) ఉన్నవాళ్లు ఎలిమినేషన్ డైట్, అంటే అనుమానం ఉన్న పదార్థాలను మానేసి చూసే పథ్యం, మొదలుపెడితే ఒక చిక్కు తప్పదు. మధ్యలో ఎప్పుడో కీళ్లు వాచి నొప్పులు తిరగబెడతాయి. అంతకుముందు రోజు తిన్న వాటిలో ఏదో ఒకదాని మీద అనుమానం పడుతుంది, దాన్నీ మానేస్తారు. మళ్లీ తిరగబెడితే ఇంకొకటి. కొన్ని నెలలు గడిచేసరికి పళ్లెంలో పెద్దగా ఏమీ మిగలదు, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఇలా ఒళ్లు చిక్కి, తిండంటేనే భయపడుతూ వచ్చినవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే ఈ కేసును కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను క్లినికల్ డైటీషియన్‌ని, రుమటాలజిస్ట్‌తో కలిసి పనిచేస్తాను. ఆయన కీళ్లవాతాల డాక్టర్, మందుల నిర్ణయాలు ఆయనవి, ఆహారం సంగతి నాది. ఇది ఒక్క మనిషి చరిత్ర కాదు. ఒకే తీరులో సాగే కేసుల వివరాలు కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీల్లేకుండా మార్చి రాసినది.

వచ్చిన నాటి పరిస్థితి

ఆవిడ వయసు 46, టీచర్. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలి నాలుగేళ్లయింది. ఈ జబ్బును గుర్తించే రక్తపరీక్షలు రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, మర్నాడు ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ రాసి ఉన్నాయి. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ జబ్బును అణిచి ఉంచే మందులు. పొద్దున లేచాక వేళ్లు ముడవడానికి దాదాపు రెండు గంటలు పడుతోంది. 28 కీళ్లు పరీక్షిస్తే నొక్కినప్పుడు నొప్పి ఉన్నవి 9, వాచినవి 6. సీఆర్‌పీ లీటరుకు 28 మిల్లీగ్రాములు (ఇది ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే రక్తపరీక్ష). అన్నీ కలిపి లెక్కగడితే జబ్బు తీవ్రతను చెప్పే డీఏఎస్28 స్కోరు 5.4 వచ్చింది. 5.1 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు, 2.6 కంటే తక్కువైతే అణిగి ఉన్నట్టు లెక్క.

ఎనిమిది నెలల్లో బరువు 61 కిలోల నుంచి 53కి పడిపోయింది. హిమోగ్లోబిన్ 10.1, విటమిన్ బీ12, విటమిన్ డీ రెండూ తక్కువ. చేతి పట్టు బాగా సడలింది. రోజువారీ తిండి రాయించి చూస్తే ప్రొటీన్ 35 గ్రాములు కూడా అందడం లేదు. ఆ బరువుకు, ఆ జబ్బుకు కనీసం 55 గ్రాములైనా కావాలి. ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) ఎక్కువగా ఉన్న ఒంట్లో కండ ఎలాగూ త్వరగా కరుగుతుంది. తిండి తగ్గితే ఆ కరుగుదల ఇంకా పెరుగుతుంది.

ఆవిడ మానేసినవి: గోధుమ, పాలు, గుడ్లు, టమాటా, బంగాళాదుంప, వంకాయ, క్యాప్సికమ్, నిమ్మజాతి పళ్లు, వేరుశనగ, పప్పులన్నీ, చేపలు, చక్కెర. ఇవన్నీ ఒక్కసారిగా వదిలినవి కావు. నొప్పులు తిరగబెట్టిన ప్రతిసారీ ఒకటో రెండో జాబితాలో చేరాయి. వెంట ఒక ల్యాబ్ రిపోర్టు కూడా తెచ్చారు. అందులో ఆహార పదార్థాలకు ఐజీజీ యాంటీబాడీలు కొలిచి, సగానికి పైగా ఎర్రరంగులో చూపించారు. ఫలానా పదార్థం మనిషి తింటున్నాడని, ఒంటికి అది పరిచయమేనని మాత్రమే ఐజీజీ చెబుతుంది. యూరోపియన్ అకాడమీ ఆఫ్ అలర్జీ అండ్ క్లినికల్ ఇమ్యునాలజీ 2008లోనే ఆహారం పడకపోవడాన్ని తేల్చడానికి ఈ పరీక్ష వద్దని స్పష్టంగా చెప్పింది. దాన్ని పక్కన పెట్టేద్దామన్నాను.

"మొదట్లో నిజంగానే తగ్గిందండీ. మూడు వారాల్లో మెట్లు ఎక్కాను. మళ్లీ ఎక్కడో పొరపాటు చేసుంటాను" అన్నారు ఆవిడ.

ఆ మాటలో రెండు ముక్కలూ ముఖ్యమే. తగ్గిన మాట నిజం. పొరపాటు తనదే అన్న నమ్మకం మాత్రం ఆవిడను ఎనిమిది నెలలుగా తినేస్తోంది.

డైరీని మందుల చీటీ పక్కన పెడితే

ఆవిడ డైరీ చాలా శ్రద్ధగా రాశారు. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎంత నొప్పి, అన్నీ ఉన్నాయి. లేనివి మందులే. ఫార్మసీ బిల్లులు, పాత ప్రిస్క్రిప్షన్లు తెప్పించి తేదీలు వరసగా పేర్చాం. రెండు సంగతులు బయటపడ్డాయి.

డైట్ మొదలైన వారంలోనే అప్పటి డాక్టర్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను చిన్న కోర్సుగా ఇచ్చి, నెలలో తగ్గిస్తూ ఆపేశారు. మెట్లు ఎక్కిన ఆ మూడు వారాలూ స్టెరాయిడ్ పనిచేస్తున్న మూడు వారాలే. దానికి తోడు ఆ రోజుల్లో తిండి బాగా తగ్గింది. ఉపవాసంతో, బాగా తక్కువ కేలరీలతో రుమటాయిడ్ ఆర్థరైటిస్ నొప్పులు కొన్నాళ్లు తగ్గుతాయని చాలా కాలంగా తెలుసు. మామూలుగా తినడం మొదలుపెట్టాక ఆ మేలు చాలావరకు పోతుంది. మంచి జరిగింది కానీ, దానికి కారణం మానేసిన పాలో గోధుమో అని చెప్పడానికి ఆధారం లేదు.

రెండోది మెథోట్రెక్సేట్. వేసుకున్న మర్నాడు వికారం. పథ్యం బిగిసేకొద్దీ ఖాళీ కడుపుతో వేసుకోవడం పెరిగింది, వికారం ఇంకా ముదిరింది, దాంతో వారాలు వారాలు దాటవేశారు. ఈ మందు వెంటనే పనిచేసే రకం కాదు. పూర్తి ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆపినా ఫలితం మర్నాడే పోదు. వరసగా రెండు మూడు డోసులు పోయిన తర్వాత, ఆవిడ దాదాపు మరిచిపోయిన సమయానికి, కీళ్లు వాచేవి. ఆ రోజు డైరీలో కళ్ల ముందు కనబడేది ముందు రోజు తిన్న టమాటా. జబ్బు ఇలా తిరగబెట్టడాన్నే ఫ్లేర్ అంటాం. పెద్ద ఫ్లేర్లు ఐదింటిని గుర్తించాం. వాటిలో నాలుగింటికి ముందు నెలలో మందు తప్పిన వారాలు ఉన్నాయి.

ఆహారం మీద అనుమానం తేలిగ్గా పడడానికి కారణం ఇదే. తిండి రోజూ ఉంటుంది, రోజుకు నాలుగైదు సార్లు ఉంటుంది, ప్రతిదీ గుర్తుంటుంది. కీళ్ల వాపుకు అసలు కారణం మాత్రం తరచు కొన్ని వారాల వెనక ఉంటుంది. పైగా మందులన్నీ సరిగ్గా వేసుకున్నా ఈ జబ్బు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా పెరిగిన రోజున ఏది మానేసినా, తర్వాతి రోజుల్లో కాస్త తగ్గే అవకాశమే ఎక్కువ.

ముందు మంట ఆర్పడం

మొదటి సిట్టింగ్‌లోనే ఆవిడతో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఫ్లేర్ నడుస్తున్నప్పుడు ఆహార ప్రయోగం జరగదు. కొత్తగా ఏదీ మానరు, కొత్తగా ఏదీ పరీక్షించరు. ఇది నేను ఎవరి దగ్గరా సడలించని నియమం. ఇల్లు తగలబడుతున్నప్పుడు నిప్పు ఎవరు పెట్టారో విచారించరు కదా.

రుమటాలజిస్ట్ మెథోట్రెక్సేట్‌ను మాత్ర నుంచి చర్మం కింద వేసే ఇంజెక్షన్‌కు మార్చారు. వికారం చాలావరకు తగ్గింది. అది పనిచేసే వరకు ఆదుకోవడానికి ప్రెడ్నిసొలోన్ తక్కువ మోతాదులో, ఏ తేదీకి ఎంత తగ్గించాలో రాసి మరీ ఇచ్చారు. ఇలాంటి కేసుల్లో ప్రతిసారీ నొక్కి చెప్పే మాట ఒకటుంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసే మందు. తప్పిన డోసులు కూడగట్టి వేసుకోవడం, పొరపాటున రోజూ వేసుకోవడం ప్రాణం మీదకు తెస్తుంది. స్టెరాయిడ్ వారాల తరబడి వాడాక సొంతంగా ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే.

నా వైపు నుంచి మొదటి పని జాబితాను తెరవడం. గుడ్లు, పప్పులు, చేపలు ముందు తిరిగి చేర్చాం. ప్రొటీన్, బీ12, ఇనుము వాటిలోనే ఉన్నాయి. టమాటా, వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికమ్ ఒకే వృక్ష కుటుంబానివి. ఈ కుటుంబం కూరగాయలు కీళ్లవాతాన్ని పెంచుతాయన్న ప్రచారం ఎక్కువే కానీ, దాన్ని నిలబెట్టే గట్టి పరిశోధన లేదు. వాటినీ చేర్చాం. తక్కిన పదార్థాలు కూడా ఒకటొకటిగా వచ్చేశాయి. భయం ఉన్న చోట తొందరపెట్టలేదు. "ఈ వారం గుడ్డు ఒక్కటే, నొప్పి పెరిగితే నాకు ఫోన్ చేయండి, మీరుగా మానేయకండి" అన్నంత వరకే. పాలు, గోధుమల మీద మాత్రం ఆవిడ అనుమానం బలంగా ఉంది. వాటిని కొట్టిపారేయకుండా పరీక్షించి తేలుద్దామన్నాను.

గోధుమ విషయంలో ఇంకో మెలిక ఉంది. సీలియాక్ జబ్బు (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) ఉందో లేదో చూసే రక్తపరీక్ష, గోధుమ తింటున్న మనిషిలోనే నమ్మదగ్గ ఫలితం ఇస్తుంది. నెలల తరబడి మానేశాక నెగటివ్ వచ్చినా దానికి విలువ లేదు. గ్లూటెన్ మానేద్దామనుకునేవాళ్లు మానకముందే ఈ పరీక్ష చేయించుకుంటే ఎంతో మేలు. ఈవిడ అప్పటికే మానేశారు కాబట్టి, వాపులు అదుపులోకి వచ్చాక ఆరు వారాల పాటు గోధుమ తినిపించి, అప్పుడు ఆ రక్తపరీక్ష (టీటీజీ ఐజీఏ)తో పాటు మొత్తం ఐజీఏ కూడా చూపించాం. సీలియాక్ లేదని తేలింది.

ఫ్లేర్ రోజుల తిండి గురించి ఎవరూ పెద్దగా రాయరు. చేతివేళ్లు వాచిన రోజు కత్తి పట్టుకోలేరు, సీసా మూత తిప్పలేరు, బరువైన గిన్నె దించలేరు. ఎలిమినేషన్ డైట్‌లో ప్రతిదీ ఇంట్లో మొదటినుంచి వండుకోవాలి. అంటే చేతులు బొత్తిగా సహకరించని రోజునే పని ఎక్కువ. ఆ రోజు ఆవిడ ఏదో కాస్త నమిలి సరిపెట్టుకునేవారు, లేదా ఏమీ తినకుండా నొప్పి మాత్ర వేసుకునేవారు. కడుపులో మంట, మర్నాడు నీరసం. అందుకని బాగున్న రోజుల్లోనే వండి ఒక్కో పూటకు సరిపడా డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టించాం. మూత సులువుగా వచ్చే డబ్బాలు, లావు పిడి చెంచాలు, తరిగి అమ్మే కూరగాయలు, ఉడికించి ఒలిచిన గుడ్లు. కొద్దికొద్దిగా రోజుకు ఐదారు సార్లు తినడం. చిన్న మార్పులే కానీ, ఫ్లేర్ వచ్చినా తిండి కుప్పకూలకుండా నిలబెట్టినవి ఇవే. ఫిజియోథెరపిస్ట్ మణికట్టు కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ ఇచ్చారు. బిగుసుకున్న కీళ్లకు వెచ్చని కాపడం, వేడిగా వాచిన కీళ్లకు చల్లని కాపడం, నొప్పి ఉన్నా రోజూ కీళ్లను వీలైనంత వరకు నెమ్మదిగా కదిలించడం నేర్పారు.

నాలుగు నెలలకు నొప్పి కీళ్లు 2, వాచినవి 1, సీఆర్‌పీ 5, డీఏఎస్28 స్కోరు 3.0. బరువు 56 కిలోలు. స్టెరాయిడ్ ఆగిపోయింది. ఇదంతా ఆవిడ ఇన్నాళ్లూ భయపడ్డ తిండి తింటూనే.

ఇప్పుడు పరీక్ష

మందుల్లో పన్నెండు వారాలుగా ఏ మార్పూ లేదని చూసుకున్నాక, అప్పటికి తింటున్న పాలు, గోధుమ రెండూ మూడు వారాలు ఆపించాం. కాల్షియం వేరే ఆహారాలతో, మాత్రతో భర్తీ చేశాం. ఆ మూడు వారాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. మానేస్తే మెరుగు కనబడకపోతే అక్కడితో ఆపేయవచ్చు. కానీ ఆవిడ మనసులో అనుమానం తీరలేదు కాబట్టి తిరిగి చేర్చే దశ కూడా పద్ధతిగా చేశాం.

ఒక్కసారికి ఒక్క పదార్థమే. మూడు రోజులు మోతాదు పెంచుకుంటూ తినడం, నాలుగు రోజులు ఆగి చూడడం. ప్రతి ఉదయం తినకముందే బిగుసుకుపోవడం ఎన్ని నిమిషాలు ఉందో, నొప్పి పదికి ఎంతో, నిద్ర ఎలా ఉందో, మందు వేసుకున్నారో రాయాలి. వారం మొదట్లో, చివర్లో నర్సు కీళ్లు పరీక్షిస్తుంది, సీఆర్‌పీ తీస్తారు. జ్వరం వచ్చినా, మందు తప్పినా ఆ వారం పరీక్ష రద్దు. తిన్న వెంటనే దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం వంటివి ఎప్పుడైనా వచ్చి ఉన్నవాళ్లకు ఇలా ఇంట్లో చేయకూడదు. అది అలర్జీ డాక్టర్ చూడాల్సిన విషయం.

పాలు చేర్చిన రెండో రోజు ఆవిడ నొప్పి స్కోరు మూడు నుంచి ఆరుకు వెళ్లింది. కీళ్ల వాపు గానీ సీఆర్‌పీ గానీ మారలేదు. అందుకని దాన్ని గుప్తంగా మళ్లీ చేశాం. నా సహోద్యోగి చిక్కటి కోకో పానీయాలు రెండు రకాలు తయారుచేసింది. ఒకదానిలో లాక్టోజ్ లేని పాలపొడి, రెండోదానిలో పాలు లేవు. లాక్టోజ్ ఉంటే కడుపు ఉబ్బరంతోనే గుట్టు తెలిసిపోతుంది. సీసాల మీద ఏ, బీ అని మాత్రమే ఉంది. ఏది ఏదో నాకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. రెండు వారాల్లోనూ మొదటి రెండు రోజులు నొప్పి పెరిగింది. పాలు లేని వారంలోనే కాస్త ఎక్కువ.

ఈ ఫలితాన్ని చెప్పే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. "మీ ఊహే" అంటే మనిషి విరిగిపోతుంది, అది నిజం కూడా కాదు. ఆ నొప్పి నిజమైనదే. కీడు జరుగుతుందని ఎదురుచూస్తున్న నరాలు నొప్పిని హెచ్చుచేస్తాయి. దీన్నే నోసీబో అంటారు, అది అందరిలోనూ ఉంటుంది. పాల వల్ల మీ కీళ్లు వాయడం లేదు, పాల మీద భయం మిమ్మల్ని నొప్పిస్తోంది అని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏడ్చారు. తర్వాత "అయితే పెరుగు తినొచ్చా?" అని అడిగారు.

గోధుమ వారంలో వచ్చిన ఫ్లేర్

కేసులో అసలు మలుపు ఇక్కడ. గోధుమ చేర్చిన ఐదో రోజు మణికట్టు, రెండు వేళ్ల కీళ్లు వాచాయి. ఈసారి వాపు కంటికి కనబడుతోంది, సీఆర్‌పీ 19. ఆవిడ ఫోన్‌లో "చూశారా, గోధుమే" అన్నారు.

ఇలాంటి ఫోన్ వస్తే మొదటి ప్రశ్న తిండి గురించి కాదు. జ్వరం ఉందా? ఒకే ఒక్క కీలు ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, కదపలేకుండా ఉందా? ఉంటే అది ఫ్లేర్ కాకపోవచ్చు, కీలులో చీము చేరి ఉండవచ్చు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో ఆ ప్రమాదం ఎక్కువ. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఈవిడకు అలా లేదు. రెండో ప్రశ్న, గత నెలలో ఏమేం జరిగింది? రెండు వారాల కిందట గొంతునొప్పి, జ్వరం, యాంటీబయాటిక్. ఇన్‌ఫెక్షన్ తగ్గే వరకు మెథోట్రెక్సేట్ ఆపమని రుమటాలజిస్టే చెప్పారు. ఒక డోసు పోయింది. పరీక్ష మొదలయ్యే నాటికి జ్వరం తగ్గిపోవడంతో ఆవిడ ఆ సంగతి మాకు చెప్పలేదు. ఇన్‌ఫెక్షన్ ఒక్కటే చాలు కీళ్లను రేపడానికి. దానికి మందు విరామం తోడైంది.

పరీక్ష రద్దు చేశాం, గోధుమను నేరస్థుల జాబితాలో చేర్చలేదు, నిర్దోషి అనీ అనలేదు. రాసిపెట్టుకున్న ఫ్లేర్ ప్రణాళిక ప్రకారం స్ప్లింట్, ఫ్రీజర్ భోజనం, రుమటాలజిస్ట్ చెప్పిన మందు. పది రోజుల్లో అణిగింది. ఐదు వారాల తర్వాత, మందులన్నీ సక్రమంగా ఉండగా గోధుమను మళ్లీ చేర్చాం. కడుపు ఉబ్బరం వచ్చింది, కాస్త మగతగా ఉందన్నారు. కీళ్లు వాయలేదు, సీఆర్‌పీ కదల్లేదు. ఉబ్బరం కోసం తక్కువ తింటానంటే సరేనన్నాను. అది ఆవిడ ఇష్టం, ఆవిడ సుఖం. కీళ్ల మందు కాదు.

ఆహారానికీ ఈ జబ్బుకూ సంబంధమే లేదని నేను అనడం లేదు. 1986లో అమెరికాలో ఒక రోగికి పాలతో కీళ్ల వాపు పెరగడం గుప్త పరీక్షల్లో నిర్ధారణ అయింది. అలాంటివాళ్లు అరుదుగా ఉంటారు. 1991లో నార్వేలో ఉపవాసంతో మొదలుపెట్టి శాకాహారానికి మార్చిన బృందానికి మేలు జరిగిందని ప్రచురించారు. ఆ తర్వాత ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన కొక్రేన్ (వైద్య పరిశోధనలను మదింపు చేసే సంస్థ) సమీక్ష, అవి చిన్నవి కావడంతో ఫలితం అనిశ్చితమేనని, మధ్యలో మానేసినవాళ్లు, బరువు కోల్పోయినవాళ్లు ఎక్కువని తేల్చింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2022 మార్గదర్శకాలు మెడిటరేనియన్ (మధ్యధరా ప్రాంతపు) తరహా ఆహారాన్ని షరతులతో సూచించాయి, తక్కిన ప్రత్యేక డైట్లను సూచించలేదు. అందుకే ఈవిడకు ఇప్పుడు ఇచ్చిన ఆహారం మానేసేవాటి జాబితా కాదు. కూరగాయలు, పళ్లు, పప్పులు, చేపలు, గింజలు, ఆలివ్ నూనె ఎక్కువ. తీపి, ప్యాకెట్ తిండి తక్కువ.

గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే జబ్బు) ఉన్నవాళ్లు ఈ కేసును తమకు అన్వయించుకోవద్దు. వాళ్లకు ఆహారం నేరుగా యూరిక్ యాసిడ్‌ను మారుస్తుంది. ఉపవాసాలు, గబగబా బరువు తగ్గడం కూడా ఫ్లేర్‌ను తెస్తాయి. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్ల సంగతీ వేరే. అక్కడ బరువు అదుపు చాలా ముఖ్యం.

ఏడాది చివర ఆవిడ బరువు 58 కిలోలు, హిమోగ్లోబిన్ 11.8, డీఏఎస్28 స్కోరు 2.9. మధ్యలో రెండు చిన్న ఫ్లేర్లు వచ్చాయి. రెండుసార్లూ డైరీలో మొదటి వరుసలో మందు, రెండో వరుసలో జ్వరం, మూడో వరుసలో నిద్ర, ఆ తర్వాతే తిండి రాసి పంపారు. స్కోరు ఇంకా 2.6 లోపుకు రాలేదు కాబట్టి, మూడు నెలల తర్వాత కూడా ఇలాగే ఉంటే ఇంకో మందు చేర్చాలా అన్నది రుమటాలజిస్ట్ తదుపరి విజిట్‌లో నిర్ణయిస్తారు.